మళ్ళీరండిగారికి ఒక కుర్చీ

బస్సులో నేను ఏ వైపు కూర్చుంటే ఎండ ఆ వైపే వస్తుంది. ఇటు ఎండగా ఉందని అటు మారితే, ఆ పై మలుపులో బస్సు తిరుగుతుంది, ఎండ నన్ను వెతుక్కుంటూ వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. పోనీ నిలబడదామంటే ఎవరిదో వీపుసంచీ నా డొక్కలో దిగబడుతుంది. కండక్టరు మాత్రం "లోపలికి జరగండి, లోపలంతా ఖాళీయే" అంటుంటాడు. ఆ లోపలనేది ఎక్కడుందో ఇన్నేళ్ళలో నాకు కనబడలేదు.

ఇంట్లో కారు లేదా అని మీరడుగుతారు. ఉంది. మా ఆవిడ నడుపుతుంది. ఆమె పాఠాలు చెప్పే స్కూలు ఊరికి ఒక కొసన, నేను పనిచేసే రంగుల దుకాణం రెండో కొసన. ఆమెకి లైసెన్సుంది, నాకు లేదు. ఆదివారాలు నేను ఆమె పక్కన కూర్చుని, కుడివైపు లారీ వస్తోందని చెబుతుంటాను.

"కనబడుతోందిలెండి," అంటుంది.

వెనక సీట్లోంచి మా అత్తగారు, "చెప్పనీయవే, ఆయనకీ ఏదో ఒక పనుండాలిగా," అంటుంది.

నాకు లైసెన్సు రాకపోవడానికి కారణం నా డ్రైవింగు కాదు, ఒక మనిషి. ఈ ఊళ్ళో లైసెన్సు పరీక్ష పెట్టిన బ్రేకు ఇన్‌స్పెక్టరు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చెదరని చొక్కాతో వచ్చి పక్క సీట్లో కూర్చునేవాడు. దారి పొడుగునా ఏమీ మాట్లాడేవాడు కాదు. బండి ఆగాక ముందద్దంలోంచి దూరంగా చూస్తూ, "మళ్ళీ రండి," అనేవాడు. అంతే. కేకలెయ్యడు, మొహం చిట్లించడు, చెయ్యి తడిపితే మెత్తబడే రకం అసలే కాదు. లంచం తీసుకునేవాడైతే కనీసం తిట్టుకోవడానికి ఒక ఆధారం ఉండేది. ఊరంతా ఆయనకి మళ్ళీరండిగారని పేరు పెట్టుకుంది. అసలు పేరొకటి ఉండే ఉంటుంది గానీ, దాంతో ఎవరికీ పని పడలేదు.

నేను ఎన్నిసార్లు మళ్ళీ వెళ్ళానో మా ఆవిడ చెబుతుంది, నేను చెప్పను. ఆఖరిసారి రివర్సులో దుమ్ము లేవకుండా తీసుకెళ్ళి బండిని గీత మీద పెట్టాను. "గీత లోపల పెట్టమన్నాను," అన్నాడు. ఆయన నాతో అన్న అతి పెద్ద మాట అదే. ఆ తర్వాత కొన్నాళ్ళకి మా ఆవిడ వెళ్ళి మొదటిసారికే పాసైంది. ఆమెనైనా మెచ్చుకున్నాడా అంటే లేదట. "వెళ్ళండి," అన్నాడట.

నేను క్రైస్తవుణ్ణి. అందర్నీ క్షమిస్తాను. ఈయన్ని మాత్రం ప్రభువుకే వదిలేశాను, ఆయనే తగినట్టు చూసుకుంటాడని.

మా సంఘం పెద్దదేం కాదు. టైర్ల షాపుకీ పళ్ళ డాక్టరు క్లినిక్కుకీ మధ్య సందులో ఒక హాలు, ముందు వరండా, దానికో ఇనప గేటు. లోపల ప్లాస్టిక్ కుర్చీలు. ఎవరి చోటు వాళ్ళది. ఎక్కడా రాసిపెట్టలేదు గానీ, ఫ్యాను కింద మందుల షాపాయన కుటుంబం, కిటికీ పక్కన మేము, స్తంభం వెనక బైబిలు వాక్యం వింటే నిద్రొచ్చేవాళ్ళు.

ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగి మా అందర్నీ కాసేపు చూశారు. "మనం మనకే పాడుకుంటున్నాం, మనకే చెప్పుకుంటున్నాం, మన టీ మనమే తాగి ఇళ్ళకి పోతున్నాం," అన్నారు. "సువార్తంటే మంచి కబురు. మంచి కబురు ఎవరన్నా బీరువాలో దాచుకుంటారా? ఇకనుంచి ప్రతి కుటుంబం పక్కన ఒక ఖాళీ కుర్చీ వేసుకోండి. దేవుణ్ణి ఎరగని ఒక మనిషి కోసం. అది ఖాళీగా ఉన్నంతకాలం మిమ్మల్ని గుచ్చుతుండాలి."

గుచ్చింది. మొదటి ఆదివారం బాగానే గుచ్చింది. ఆ పై ఆదివారం మా ఆవిడ, నేల మీద ఎందుకని తన హ్యాండ్‌బ్యాగు దాని మీద పెట్టింది. తర్వాత గొడుగు. ఆ తర్వాత మా అత్తగారి స్వెటరు, మందుల సంచీ, మంచినీళ్ళ సీసా. అంతకుముందు ఇవన్నీ ఒళ్ళో పెట్టుకుని వాక్యం వినేవాళ్ళం. కొన్నాళ్ళకి, ఆ కుర్చీ లేకుండా దేవుణ్ణి ఎలా ఆరాధించేవాళ్ళమో గుర్తురావడం మానేసింది. మందుల షాపాయన తన కుర్చీ మీద కాలు చాపుకునేవాడు. ఆయనకి మోకాలి నొప్పి.

కమిటీ తరఫున ఆ కార్యక్రమానికి బాధ్యుణ్ణి నేనే. రంగుల దుకాణం మనిషిని కాబట్టి కుర్చీల వెనక ఎర్ర పెయింటుతో 'కొత్తవారికి మాత్రమే' అని రాయించాను. 'మాత్రమే' నా సొంత ఆలోచన. నియమాలు కూడా నేనే తయారుచేశాను. కొత్తవారిని ఒక సభ్యుడు వెంటబెట్టుకుని రావాలి. ముందువారమే కమిటీకి చెప్పాలి. చప్పట్లూ టీ అప్పటికప్పుడంటే కుదరవు కదా. పిల్లలెవరన్నా ఆ కుర్చీలో కూర్చుంటే లేపి పంపేవాణ్ణి. కొత్తవాళ్ళొస్తే చోటుండాలిగా.

కొత్తవాళ్ళు రాలేదు. అది కుర్చీల తప్పు కాదు.

నిజానికి నేను మాటకారిని. ఎవరింటి గోడకి ఏ రంగు బాగుంటుందో చెప్పి ఒప్పించడమే నా ఉద్యోగం. ఒకే తెలుపుని మేఘం తెలుపనీ, ముత్యం తెలుపనీ, మీగడ తెలుపనీ అమ్ముతాను. కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి, అవునండీ తేడా ఉందని ఫోను కూడా చేస్తారు. అలాంటివాణ్ణి, ప్రభువు గురించి ఒక్కరికి ఒక్క ముక్క చెప్పాలంటే నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో అని. ఎదుటివాళ్ళు ఏమీ అనుకోకుండానే ఇన్నేళ్ళు లాక్కొచ్చాను.

ఇలా ఉండగా ఒక సాయంత్రం బస్సులో కూర్చుని పాస్టరుగారితో ఫోన్లో మాట్లాడి పెట్టేశాను. నా పక్క సీటు ఖాళీ అయింది. ఎవరో చేత్తో సీటుని తడుముకుని కూర్చున్నారు. తిరిగి చూస్తే మళ్ళీరండిగారు. చొక్కాకి ఇస్త్రీ అలాగే ఉంది, మనిషి మాత్రం తగ్గిపోయాడు. కళ్ళకి నల్లద్దాలు, చేతిలో కర్ర.

నేను కిటికీలోంచి బయటికి చూడడం మొదలెట్టాను.

"మీరు గీత మీద పెట్టారు," అన్నాడు.

"అండీ?"

"రివర్సులో. గీత మీద పెట్టారు. ఫోన్లో మాట్లాడుతుంటే గొంతు గుర్తుపట్టాను."

"మీరేంటండీ బస్సులో?"

"చూపు పోయింది. పూర్తిగా కాదు, ఆకారాలు తెలుస్తాయి. ఇక బండి నడపొద్దన్నాడు కళ్ళ డాక్టరు." కర్రని మోకాళ్ళ మధ్య పెట్టుకుని, "నన్ను ఫెయిల్ చేశాడు," అన్నాడు.

నేను నవ్వలేదు. అందుకు చాలా కష్టపడ్డాను.

"ఇందాక ఫోన్లో 'వందనాలు పాస్టరుగారూ' అన్నారు. మీరు ప్రార్థనకి వెళ్ళేవాళ్ళన్నమాట. ఒక సంగతి అడగనా?"

"అడగండి."

"మీ దగ్గర ఫెయిలైనవాళ్ళని కూడా పాస్ చేస్తారటగా. నిజమేనా?"

"ఎవరు చెప్పారండీ?"

"కంటాసుపత్రిలో పక్క మంచమాయన. మీవాడే. అలాగైతే ఇక పరీక్షెందుకండీ అన్నాను. మన బదులు ఆ పరీక్ష ఇంకొకాయన రాసేశాడు అన్నాడు." ఆయన నా వైపు తిరిగాడు. "మా రూల్సులో అది నేరం."

మా కమిటీలో ఆ విషయం ఎప్పుడూ చర్చకి రాలేదు.

"మా ఆవిడ పోయింది," అన్నాడు, అదే గొంతుతో. "వంటలో తప్పుంటే చెప్పేవాణ్ణి. చీరలో తప్పుంటే చెప్పేవాణ్ణి. తప్పు లేకపోతే ఏమీ అనేవాణ్ణి కాదు. ఏమీ అనలేదంటే బాగున్నట్టేగా అని నా ఉద్దేశం. పోయేముందు అంది, 'మీ నోటి వెంట బాగుందనే మాట ఒక్కసారన్నా విందామని చూశాను. ఇక మళ్ళీ రాలేనండీ' అని."

బస్సు స్టాపులో ఆగింది. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు.

"ఇక నా వంతు వస్తుందిగా. నా పక్క సీట్లో కూర్చునేవాడు నాలాంటివాడే అయితే నేను పాసవ్వను. అది నాకు తెలుసు. అలాంటివాడు కాకపోతే, ఎలాంటివాడో ఒకసారి కనుక్కోవాలి. నాకు ఎక్కువ టైము లేదు. ఈ ఆదివారం నన్ను మీవెంట తీసుకెళ్తారా?"

పాస్టరుగారు ఎన్నో వారాలుగా మమ్మల్ని ప్రార్థించమన్నది ఇలాంటి మనిషి కోసమే. నేను వెతకలేదు, తనే దొరికాడు. నేను నోరు తెరవలేదు, తనే అడిగాడు. పక్కన కుర్చీ కూడా ఉంది. నేనేమన్నానంటే, "ఈ వారం మైకు రిపేరులో ఉందండీ," అన్నాను.

"సరే," అన్నాడు. "పై వారం అడుగుతాను."

మీరు నన్ను అపార్థం చేసుకోకూడదు. ఆయన పరలోకం వెళ్ళడం నాకిష్టం లేక కాదు. వెళ్ళనివ్వండి. కానీ వెళ్ళిన మొదటిసారికే పాసవడం ఏం న్యాయం? నన్ను తిప్పినట్టు కొన్నాళ్ళు తిరగాలి కదా.

పై వారం అడిగాడు. పాస్టరుగారు ఊళ్ళో లేరన్నాను. ఆ పై వారం హాలుకి రంగులేయిస్తున్నాం, వాసనకి కళ్ళు మండుతాయన్నాను. ప్రతిసారీ "సరే" అని తలూపేవాడు. విసుక్కోలేదు. నేను చెప్పింది నిజమా అని కూడా అడగలేదు. ఆయన ఉద్యోగంలో ఎంతమంది సాకులు విన్నాడో, ఒక సాకుని ఆయన గుర్తుపట్టలేదంటే నేను నమ్మను.

ఇంట్లో చెప్పాను.

"పాపం, తీసుకురావచ్చుగా," అంది మా ఆవిడ.

"నువ్వు పాసయ్యావు. అలాగే అంటావు."

"దానికీ దీనికీ ఏంటండీ సంబంధం?"

"కమిటీకి ముందు చెప్పాలి. రూలుంది."

"ఎవరు పెట్టారు ఆ రూలు?"

"కమిటీ."

"కమిటీ అంటే ఎవరు?"

"నేనే అనుకో."

మా అత్తగారు టీలో బిస్కెట్టు ముంచుతూ, "మీ లైసెన్సు సంగతి దేవుడికి ఒకసారి గుర్తుచెయ్యండి అల్లుడుగారూ. ఆయన మర్చిపోయి ఈ పెద్దమనిషిని పిలిచేస్తున్నట్టున్నాడు," అంది. బిస్కెట్టు విరిగి టీలో పడిపోయింది. అందుకు నేనేమీ బాధపడలేదు.

ఆ ఆదివారం ఆయన తనంతట తానే వచ్చేశాడు.

పాటలయ్యాయి. పాస్టరుగారు ప్రసంగం మొదలెట్టారు. బయటివాళ్ళంటే దేవుడికి ఎంత జాలో చెబుతున్నారు. "ఆయన మనవాళ్ళకి మాత్రమే దేవుడైతే, ఈపాటికి మనం ఆయన్ని కమిటీలో వేసుకునేవాళ్ళం," అన్నారు. అందరం నవ్వాం. కమిటీవాళ్ళం కాస్త ఎక్కువ నవ్వాం. "కళ్ళు మూసుకుని ప్రార్థిద్దాం," అన్నారు. అప్పుడు వరండాలో కర్ర చప్పుడు వినబడింది.

పాస్టరుగారు కళ్ళు మూసుకుని, "ప్రభువా, బయట నిలబడ్డవాళ్ళని నువ్వే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకురా," అంటున్నారు. మేమూ కళ్ళు మూసుకోవాలి. ఒక్కరం కూడా మూసుకోలేదు. ఆ హాల్లో మా ఆవిడా పాస్టరుగారూ తప్ప మొదటిసారికే లైసెన్సు తెచ్చుకున్నవాళ్ళు లేరు. వచ్చిందెవరో అందరికీ తెలిసిపోయింది.

ఆయన చివరి వరసలో ఒక కుర్చీని కర్రతో తట్టి చూసుకున్నాడు. దాని మీద ఎవరిదో హెల్మెట్టు. "ఇక్కడ ఎవరన్నా ఉన్నారాండీ?" అని మెల్లగా అడిగాడు.

"లేరండీ. ఇది కొత్తవాళ్ళకి," అన్నారు వాళ్ళు. అబద్ధమేం కాదు, వెనక రాసే ఉంది.

"సరే," అని దాని ముందు వరసకి వచ్చాడు. అక్కడా అదే మాట చెప్పారు. ఇంకో వరసలో, ఎవరు తీసుకొచ్చారని అడిగారు. ఎవరూ తీసుకురాలేదన్నాడు. అయితే కమిటీతో మాట్లాడాలండీ అన్నారు. మందుల షాపాయన కుర్చీ మీంచి కాలు తియ్యకుండా, "రిజర్వుడండీ," అన్నాడు.

ఆయన మా వరసకి వచ్చాడు. నేను మా కుర్చీ మీది సామాన్లు సర్దాను. సర్దడమంటే, గొడుగుని నిలువుగా ఉన్నదాన్ని అడ్డంగా పెట్టాను.

"ఖాళీ ఉందాండీ?"

నేను మాట్లాడితే గొంతు గుర్తుపడతాడు. మాట్లాడలేదు. మా ఆవిడ నోరు తెరవబోతే, ప్రార్థన జరుగుతోందన్నట్టు వేలు చూపించాను. ఆయన అలా కాసేపు నిలబడి, ఎవరూ ఏమీ అనకపోయేసరికి, "సరే," అని వెనక్కి తిరిగాడు. కర్ర చప్పుడు వరుసల మధ్యలోంచి వరండాలోకి పోయింది.

"వెళ్ళి పిలుచుకురండి," అంది మా ఆవిడ.

"ప్రార్థన మధ్యలో లేవకూడదు."

"అయితే నేను వెళ్తాను."

లేవబోయింది కూడా. కమిటీ సభ్యుడు కూర్చునుండగా ఆయన భార్య లేచి వెళ్ళిందంటే, అది వారం పాటు మాట్లాడుకునే విషయం. నేనే లేచాను. పిలవడానికి కాదు. మర్యాదగా గేటు దాకా సాగనంపి, వచ్చే నెల చూద్దామని చెప్పి వద్దామని.

ఆయన గేటు గడియ ఎక్కడుందో తడుముకుంటున్నాడు.

"నేనండీ," అన్నాను.

"మీరా." గడియ వదిలేశాడు. "మైకు బాగానే వినబడుతోంది."

"బాగుచేయించామండీ."

"లోపల అన్నీ కొత్తవాళ్ళకని పెట్టారట. పద్ధతిగా ఉంది. ముందు చెప్పకుండా వచ్చినవాళ్ళని నేనైనా బండెక్కనిచ్చేవాణ్ణి కాదు. తప్పు నాదే." నిటారుగా నిలబడ్డాడు. "అయితే, నన్ను మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ఇలాంటి రోజు గురించి నేను చాలాసార్లు ఊహించుకున్నాను. అనాల్సిన మాట సిద్ధంగానే ఉంది, రెండే ముక్కలు. ఆయన ఎదురుగా ఎటో చూస్తూ, రెండు చేతులూ కర్ర మీద పెట్టి నిలబడ్డాడు. కర్ర వణుకుతోంది. ఆ వణుకు నాకు తెలుసు. అది మోకాళ్ళలో మొదలై చేతుల్లోకి వస్తుంది. పక్కసీట్లో మనిషి ఇంకా ఏమీ అనకముందు, ఇంజను ఆపేశాక, ఆ కాస్సేపూ వస్తుంది. దాన్ని నేను ఆయన పక్కనే కూర్చుని నేర్చుకున్నాను.

ఆ రెండు ముక్కలూ అందామని నోరు తెరిచాను. రాలేదు.

"మళ్ళీ రావడాలేం లేవండీ ఇక్కడ," అన్నాను. "ఇప్పుడే రండి."

"కుర్చీ లేదుగా."

"అది కూడా వస్తుంది," అన్నాను. ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలీదు. నోటికొచ్చింది అనేశాను.

వెనక బరబరమని ఏదో ఈడుస్తున్న చప్పుడు. చూస్తే మా అత్తగారు. మా ఖాళీ కుర్చీని రెండు చేతులా పట్టుకుని వరండా పొడుగునా లాక్కొస్తోంది.

"ఏం అల్లుడుగారూ, లోపల ఆమెన్ కూడా అయిపోయింది," అంది ఆయాసపడుతూ. "మీరు మనిషిని కుర్చీ దాకా తేలేకపోతున్నారు, నేనే కుర్చీని మనిషి దాకా తెచ్చాను. కూర్చో నాయనా, కాళ్ళు లాగుతుంటాయి."

ఆయన చేత్తో తడిమి చూసుకుని కూర్చున్నాడు. "మరి దీని మీద సామాన్లున్నట్టున్నాయి?"

"మా అల్లుడుగారు ఒళ్ళో పెట్టుకుంటారులే. చాలా ఓపిక ఆయనకి."

కాసేపయ్యాక ఆయన్నీ కుర్చీనీ లోపలికి తెచ్చి కిటికీ పక్కన వేశాం. ఆ రోజు మిగతా ప్రసంగం నేను సరిగ్గా వినలేకపోయాను. గొడుగు పొడుచుకుంటోంది.

అంతా అయ్యాక, అందరూ టీ తాగుతుంటే, ఆయన పాస్టరుగారిని పట్టుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. బస్సులో నన్నడిగిందే ఆయన్నీ అడిగాడు.

"ఆ పరీక్ష మన బదులు ఇంకొకాయన రాశాడంటారు. నిజమేనా?"

"నిజమేనండీ," అన్నారు పాస్టరుగారు.

"దొరికిపోరా?"

"దొరికిపోయాడు. సిలువ శిక్ష కూడా పడింది. మొత్తం ఆయనకే పడింది. అందుకే మనకి మిగల్లేదు."

మళ్ళీరండిగారు నల్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "అది," అన్నాడు. "అది బాగుంది." అని తనే ఉలిక్కిపడ్డాడు. తర్వాత గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పాస్టరుగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఉంచారు. నేను టీ కప్పులు సర్దడానికి వెళ్ళిపోయాను.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆయన ఊరుకోలేదు. మాలాగ మంచి కబురుని బీరువాలో పెట్టడం ఆయనకి చాతకాలేదు. పొద్దున్నే బస్సెక్కుతాడు. ఎవరి గొంతు వినబడితే వాళ్ళ దగ్గరికి వెళ్తాడు. గొంతులూ, తప్పులూ ఒకటి కూడా మర్చిపోలేదు.

"మీరు ఎత్తు మీద క్లచ్చి వదిలేశారు కదూ? నేను మిమ్మల్ని ఫెయిల్ చేశాను. నన్ను మాత్రం పాస్ చేశారు. ఎలాగో వచ్చి చూడండి."

కొంతమంది అదెలాగో చూద్దామని వచ్చారు. కొంతమంది ఆయన్ని నలుగురి ముందూ నిలబెట్టి కడిగేద్దామని వచ్చారు. కడిగారు కూడా. ఆయన లేచి నిలబడి మొత్తం విని, "సరే. ఇలా కూర్చోండి," అన్నాడు. వాళ్ళు కూర్చున్నారు. ఆ బస్సు కండక్టరు కూడా వస్తున్నాడు. వచ్చి, అలవాటు కొద్దీ, లోపలికి జరగండి లోపలికి జరగండి అంటుంటాడు.

ఇప్పుడు మా హాల్లో ఎవరి చోటూ వాళ్ళకి లేదు. ఫ్యాను కింద ఎవరెవరో కూర్చుంటున్నారు. మందుల షాపాయన కాలు నేల మీదే ఉంటోంది. సామాన్లు అందరి ఒళ్ళోకీ వచ్చేశాయి. కమిటీ కూర్చుని, ఖాళీ కుర్చీలు లేని కారణంగా ఖాళీ కుర్చీల కార్యక్రమాన్ని నిలిపివేయాలని తీర్మానించింది. ఆ తీర్మానం చదివింది నేనే. పాస్టరుగారు ఎందుకో దగ్గొచ్చినట్టు బయటికి వెళ్ళిపోయారు.

అసలు సమస్య ఇప్పుడు చెబుతాను. ఈ ఆదివారం మళ్ళీరండిగారికి బాప్తిస్మం. మా సంఘంలో ఒక పద్ధతుంది. నీళ్ళలోకి దిగేముందు, ఆ మనిషిని తీసుకొచ్చినవాళ్ళు పక్కన నిలబడి, ఎలా తీసుకొచ్చారో అందరికీ చెప్పాలి. ఎవరు తీసుకొచ్చారని అడిగితే ఆయన నన్ను చూపించాడు.

"నేను వెళ్ళిపోతుంటే, ప్రార్థన మధ్యలో లేచి నాకోసం బయటికి వచ్చారండీ," అన్నాడట పాస్టరుగారితో. "దేవుడు కూడా అలా బయటికి వస్తాడని మీరు చెప్పగానే నేను నమ్మేశాను. ఎందుకంటే అంతకుముందే గేటు దగ్గర ఒకసారి చూశానుగా."

పాస్టరుగారు నన్ను కావలించుకున్నారు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను కావలించుకోవడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో ఉన్న మనిషికి, నేను సాగనంపడానికి వెళ్ళానండీ అని ఎలా చెప్పను?

"ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్యండి," అంటుంది మా ఆవిడ. "ఆయన నమ్మింది దేవుణ్ణి, మిమ్మల్ని కాదు. మిమ్మల్నే నమ్ముకునుంటే ఇంకా మైకు రిపేరు దగ్గరే ఉండేవాడు."

"నా పేరు చెప్పండి, కుర్చీ మోసింది నేనేగా," అంటుంది మా అత్తగారు. మందుల షాపాయన, అవసరమైతే జ్వరానికి సర్టిఫికెట్టు ఇచ్చే డాక్టరు ఒకాయన తెలుసన్నాడు.

నిన్న బస్సులో ధైర్యం చేసి, "ఆ రోజు నేను గేటు దగ్గరికి అసలెందుకొచ్చానంటే..." అని మొదలెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడొద్దండీ. ఆదివారం అందరితోపాటు వింటాను. ముందే వింటే తప్పులు పడతాను. ఆ అలవాటు మానుకుంటున్నాను," అన్నాడు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. నిజం చెబితే, నీళ్ళ ఒడ్డున నిలబడి "సరే" అని కర్ర తీసుకుని వెనక్కి తిరుగుతాడేమోనని భయంగా ఉంది. ఆయన "సరే" అనడం నేనిక చూడలేను. చెప్పకపోతే, ఆయన జీవితంలో ఒకే ఒక్కసారి జరిగే పని పక్కన నేను అబద్ధంతో నిలబడాలి. జ్వరం తెచ్చుకుందామంటే, ఆయన పక్కన ఇంకొకరు నిలబడతారు. అది కూడా ఎందుకో నాకిష్టం లేదు. మీలో ఎవరైనా ఎవరినైనా పొరపాటున దేవుడి దగ్గరికి తీసుకెళ్ళి ఉంటే, నలుగురి ముందూ ఏం చెప్పారో కాస్త రాసి పంపండి. మీ కాళ్ళు పట్టుకుంటాను. శనివారం లోపల అందేలా చూడండి.